దీనమ్మ కడుపులో మొలతాడు

రాయలసీమ మనిషికి కడుపు నొస్తే కారణం మిరపకాయ. ఇది నా మాట కాదు. కర్నూలులో నాకు పైవాడిగా ఉన్న పెద్ద సర్జన్ గారి మాట. ఆయనది గుంటూరు జిల్లా. బండ్లకొద్దీ మిరపకాయలు పండించి దేశం మీదికి తోలే జిల్లాలో పుట్టి, ఆ నింద మా మీద వేయడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొత్తగా కత్తి పట్టిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "మీ కాలంలో ఎట్లా చేసేవారు సార్, స్కానింగులు లేకుండా?" అని జాలిగా అడుగుతారు. వాళ్లకు నేను ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయ్యానో, ఏ పదవిలో దిగిపోయానో చెప్పి లాభం లేదు. అవి నా భార్యకే గుర్తు లేవు. అందుకని రెండు పొట్టల సంగతి రాస్తున్నాను. రెండూ పందొమ్మిది వందల యాభైలలోవే. ఒకటి కడప వైపు, ఒకటి కర్నూలులో. మొదటిది మా పెద్దవాళ్ల తొందర వల్ల పోయింది. రెండోది ఎట్లా దక్కిందో చెప్పడానికే ఈ రాత.

మొదటి పొట్ట

కడప వైపు ఒక చిన్న ఆసుపత్రి. పేరు చెప్పను. అక్కడి డాక్టరుకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. నేను అప్పుడే చదువు ముగించి ఆయన చేతికింద చేరాను. గండికోట వైపు నుంచి మేకలు కాచుకునే ఒకాయనను తీసుకొచ్చారు. పొట్ట మీద పెద్ద గడ్డ, దాని చుట్టూ వాతలు. కడుపునొప్పికి ఇనుప కడ్డీ కాల్చి వాత పెట్టించుకోవడం అప్పట్లో మా వైపు మామూలే. ఆ వాతలు చీము పట్టాయి, ఒళ్లు కాలిపోతోంది.

"చీముగడ్డ," అన్నాడు మా డాక్టరు గడప దగ్గర నుంచే. చెయ్యి పెట్టి చూడలేదు. కత్తి పెట్టాడు.

అది చీముగడ్డ కాదు. పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బి అంత అయింది. పాత సైకిలు ట్యూబు ఒకచోట పలచబడి బుడగలా పొంగడం చూసే ఉంటారు. రక్తనాళం అట్లా పొంగితే దాన్ని అన్యూరిజం అంటారు. దాని మీద అరచెయ్యి ఆనిస్తే గుండెతో పాటు కొట్టుకుంటుంది. ఆ మాత్రం చూడడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఒక చెయ్యి చాలు. ఆ మనిషి బల్ల మీదే పోయాడు. మా డాక్టరు చేతులు కడుక్కుని, "వాడి ఖర్మ," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఏమీ అనలేకపోయాను, కొత్తవాణ్ణి. ఇప్పుడు అంటున్నాను. అది వాడి ఖర్మ కాదు, మా డాక్టరు బద్ధకం. ఆనాటి నుంచి నా ముందుకు వచ్చిన ప్రతి పొట్ట మీదా ముందు అరచెయ్యి, తరువాత స్టెతస్కోపు పెట్టడం అలవాటు చేసుకున్నాను. చూసినవాళ్లు నవ్వేవారు. నవ్వితే పోయేదేముంది?

అడ్డదారి డాక్టరు

కర్నూలుకు బదిలీ అయ్యేసరికి ఆ ఊరు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి కూర్చుంది. ఆఫీసులు చాలావరకు డేరాల్లో. కర్నూలు ఎండలో డేరా కింద పనిచేస్తే గుమాస్తా నుంచి పెద్ద అధికారి దాకా అందరికీ ఒకటే జబ్బు, అజీర్ణం. మా పెద్దాయనకు, అదే ఆ గుంటూరు సర్జన్ గారికి, సగం పూట గొప్పవాళ్ల కడుపులు తడమడంతోనే సరిపోయేది.

పెద్దాయన అంతకుముందు మిలిటరీలో పనిచేసి వచ్చాడు. మీసం, బూట్లు, మాట అన్నీ మిలిటరీవే. కడుపునొప్పి అని ఎవరు వచ్చినా ఆయనకు అల్సరే. అల్సరుకు ఆయన దగ్గర ఒకటే మందు. కడుపుకూ కింది పేగుకూ కొత్త కంత వేసి కలపడం. తిన్నది పుండు ఉన్నచోటికి పోకుండా అడ్డదారిన పోతుంది. మేం చాటుగా ఆయన్ని అడ్డదారి డాక్టరు అనేవాళ్లం. ఒక్కోరోజు పొద్దున్నే మూడు అడ్డదారులు వేసి, పదకొండుకల్లా కాఫీ తాగేవాడు.

న్యాయంగా చెప్పాలంటే ఆ రోజుల్లో అల్సర్లు నిజంగానే ఎక్కువ. ఆయన చెయ్యి కూడా బంగారం లాంటి చెయ్యి. అంత నిదానంగా, అంత తక్కువ రక్తంతో పనిచేసే మనిషిని నేను తరువాత చూడలేదు. ఆయనతో చిక్కల్లా ఒకటే. చెయ్యి ఎంత మంచిదో చెవి అంత చెడ్డది. ఎదుటివాడు చెప్పేది సగం వినేసరికే రోగం పేరు తేల్చేసేవాడు. ఇప్పటి పిల్లల్లోనూ ఈ గుణం చూస్తున్నాను, ఆ చెయ్యి మాత్రం కనబడదు.

ఒక్కపొద్దు మనిషి

దీనమ్మను ఆదోని అవతలి పల్లె నుంచి బస్సులో తీసుకొచ్చారు. చెనిక్కాయ చేలో, అంటే వేరుశనగ చేలో, పని చేస్తూ కడుపు పట్టుకుని పడిపోయిందట. ముప్పై దాటని మనిషి, ఒంటి మీద కండ లేదు. రెప్ప లాగి చూస్తే రక్తం లేదు. వెంట మొగుడు ఏసేపు, అత్త రాహేలమ్మ. తాతల నాటి నుంచీ చర్చికి పోయే కుటుంబం. రెండెకరాల నేల, మిగతాది కూలి.

"ఏం తింటాది?" అని అడిగాను.

ఏసేపు ముఖం వెలిగింది. "మా ఆమె మామూలు మనిషి గాదు సామీ. ఒక్కపొద్దు మనిషి. దినాలకు దినాలు తినకుండా ఉంటాది. తిన్నా ఇంత ముద్ద తిని వెంటనే మోకాళ్లేసి ప్రార్థన చేస్తాది. మా సంగంలో బిడ్డకు జరమొచ్చినా, బర్రె ఈనకపోయినా ఈమె కాడికే వస్తారు."

"దేవుడు మా ఇంటికి పంపించినాడు సామీ," అంది రాహేలమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆమె వీపు నిటారుగా అయింది.

దీనమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తన గొప్ప వింటున్న మనిషి ముఖంలా లేదు ఆ ముఖం.

పెద్దాయన వచ్చాడు. "కడుపునొప్పి. కారం తింటావా?"

"ఈడ కారం తినకుండా ఎవరు బతుకుతారు సామీ?" అన్నాడు ఏసేపు.

"అల్సర్. కొంచెం రక్తం కారింది. రెండు రోజులు పాలు పోయించండి, తరువాత కోద్దాం." బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

నేను పొట్ట మీద చెయ్యి పెట్టాను. బొడ్డుకు పైన, లోపల ఎక్కడో ఏదో కొట్టుకుంటున్నట్టు అనిపించింది. సన్నటి మనిషికి ఎవరికైనా అక్కడ కొంత కొట్టుకుంటుంది, అందుకని గట్టిగా చెప్పలేకపోయాను. స్టెతస్కోపు పెట్టాను. సన్నని ఈల లాంటి చప్పుడు. ఊపిరి వదిలినప్పుడు ఎక్కువవుతోంది, పీల్చినప్పుడు తగ్గుతోంది. నాకు గండికోట మేకలాయన గుర్తొచ్చాడు.

మరునాడు మధ్యాహ్నం నేను వార్డు గుండా పోతుంటే, పాలు తాగిన దీనమ్మ మంచం మీద మోకాళ్లేసి, ముందుకు వంగి, నుదురు పరుపుకు ఆనించి ఉంది. పక్క మంచం మనిషి కూడా చేతులు జోడించి కూర్చుంది, ఈమె పుణ్యం తనకూ కొంచెం అంటుతుందని. నేను చాలామంది ప్రార్థన చేయడం చూశాను. ప్రార్థన చేసేవాళ్లు అంతగా పళ్లు బిగించరు.

రాహేలమ్మ నీళ్లకు పోయినప్పుడు మంచం పక్కన కూర్చున్నాను.

"ఏమ్మా, తిన్న వెంటనే మోకాళ్లేస్తాండావే, ఏం ప్రార్థన అది?"

ఆమె గుమ్మం వైపు చూసింది. "మా అత్త ల్యాదు గదా?"

"ల్యాదులే, చెప్పు."

"ప్రార్థన గాదు సామీ. ఏమన్నా తింటే చాలు, రవ్వంత సేపటికి కడుపులో పట్టుకుని పిండుతాది. ఇట్ల వంగి తల ఆనిస్తే కొంచెం సైసుకుంటా. అప్పుడు నోట్లో దేవా, దేవా అని వస్తాది. విన్నోళ్లు ప్రార్థన అనుకునిరి."

"మరి ఉపవాసాలు?"

"ఉపవాసం ఏంటిది సామీ? భయం. సంగటి చూస్తే భయం."

"ఇంట్లో చెప్పల్ల కదమ్మా!"

"మొదట్లో చెప్తి. పని దొంగ, నాటకాలు ఆడతాంది అనిరి. ఎవరో పుణ్యాత్మురాలు ఉపవాసం అనె. ఆ పొద్దు నుంచి ఎవరూ ఒక్క మాట అనల్యా. మా అత్త నలుగుర్లో తలెత్తుకుని తిరుగుతాంది. ఇంక యెట్ల కాదనేది?" మళ్లీ గుమ్మం వైపు చూసింది. "సామీ, నేను సస్తే సస్తా. సచ్చేలోగా ఒక్కపూట కడుపు నిండా సంగటి తినల్ల. నొప్పి లేకుండా. అంతే."

పిల్లలూ, రోగిని నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అని అడగమని మీకు నేర్పుతారు. అడగండి. దానికన్నా ముందు, నొప్పి వచ్చినప్పుడు ఆ మనిషి ఒళ్లు ఏం చేస్తోందో చూడండి. నోరు అత్తకు భయపడుతుంది, ఊరికి భయపడుతుంది. ఒంటికి ఆ భయాలు ఉండవు.

పొట్ట మీద గొట్టం

పెద్దాయన దగ్గరికి పోయి చెప్పాను. ఇది అల్సరు కాదేమో, స్టెతస్కోపు పెడితే ఈల వినబడుతోంది, లోపల రక్తనాళం ఏదో నలుగుతోంది, ఎక్కడో ఉబ్బి కూడా ఉండవచ్చు, ఆ పడిపోవడం అందులోంచి కారిన రక్తం వల్ల కావచ్చు అని.

"గొట్టం గుండెకు పెట్టమని చేశారయ్యా, గుమ్మడికాయకు పెట్టమని కాదు," అన్నాడు.

"ఒక్కసారి వినండి సార్."

"నేను అల్సర్ అంటే అల్సరే."

"అల్సరుకు ఈల వేయడం వచ్చా సార్?"

అట్లా అన్నందుకు నన్ను శ్రీశైలం అడవుల్లోకి బదిలీ చేయిస్తాడనుకున్నాను. ఆయన మీసం కదిలింది. లేచి వచ్చి, నా గొట్టమే లాక్కుని దీనమ్మ పొట్ట మీద పెట్టాడు. ఊపిరి వదలమన్నాడు. మళ్లీ వదలమన్నాడు. చాలాసేపు విన్నాడు. వరండాలోకి వచ్చాక, "నేను ముందే అనుకున్నాను," అన్నాడు.

ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. మంచి పైవాడంటే తప్పు ఒప్పుకునేవాడు కాదు, అట్లాంటివాణ్ణి నేను చూడలేదు. మీ మాట దొంగిలించి, దాన్ని మీకన్నా బాగా అమలు చేసేవాడు మంచి పైవాడు. ఆ దొంగతనం జరిగినప్పుడు సంతోషించండి.

రక్తం కావాలి. అప్పట్లో సీసాల్లో నిలవ ఉండేది కాదు, బంధువుల చేతుల్లోంచి తీయాలి. దీనమ్మ కోసం ఊరి నుంచి సంగం మగవాళ్లు బస్సు మాట్లాడుకుని వచ్చి, ఆసుపత్రి ముందు చెట్ల కింద పాటలు పాడుతున్నారు. నేను పోయి రక్తం అడిగాను. ఒకాయనకు నడుము నొప్పి గుర్తొచ్చింది. ఒకాయన ఎద్దులకు నీళ్లు పెట్టే వేళయిందన్నాడు. కాసేపటికి పాట పాడడానికి కూడా ఎవరూ లేరు. వాళ్లను తిట్టి లాభం లేదు. డేరాల్లోని చదువుకున్న దొరలను అడిగినా ఇదే జరిగేది, ఇంగ్లీషులో జరిగేది.

ఏసేపు రక్తం సరిపడలేదు. రాహేలమ్మ వచ్చి చెయ్యి చాపింది.

"నాది ముసలి రక్తం. పనికొస్తాదా సామీ?"

పరీక్షిస్తే సరిపోయింది. సూది గుచ్చుతుంటే ఆమె, "నా రక్తం ఎక్కితే దానికి నా నోరు కూడా వస్తాదేమో, ఇంగ ఏసేపు గతి ఏమి?" అంది. నవ్వుతూనే ఉంది, కళ్లలో నీళ్లు ఉన్నాయి.

మొలతాడు

పొద్దున్నే మొదలుపెట్టాం. కరెంటును నమ్మలేం కాబట్టి బల్లను కిటికీ దగ్గరికి జరిపించాడు పెద్దాయన. ఈథరు వాసన, ఎండ, గాలి కదలని గది. పొట్ట తెరిచాడు. కడుపంతా నిమిరి చూశాడు. పుండు లేదు, మచ్చ లేదు.

"మిరపకాయ తప్పించుకుంది," అన్నాడు ముసుగు వెనక నుంచి.

ఇంకా లోపలికి పోయాడు. పేగు మలుపు వెనక, క్లోమం పక్కన, చిన్న నిమ్మకాయంత బుడగ. గుండెతో పాటు కొట్టుకుంటోంది. చుట్టూ పాత రక్తం గడ్డకట్టి ఉంది. అది ఇంకోసారి చిట్లితే ఈసారి బస్సు ఎక్కించే వ్యవధి కూడా ఉండదు.

"దారం," అన్నాడు. రెండు వైపులా ముడేసి కట్టేస్తే బుడగ పీడ పోతుంది. అప్పటికి పుస్తకంలో ఉన్నదీ అంతే.

నాకు ఆ ఈల చప్పుడు మనసులోంచి పోలేదు. అది ఈ బుడగ ఉన్న చోట వినబడలేదు, ఇంకా పైన వినబడింది. కాలేయానికి పోయే రక్తనాళం మీద రెండు వేళ్లు పెట్టాను. "సార్, కట్టొద్దు. ముందు బుడగను ఒకసారి వేళ్లతో నొక్కిపట్టి చూడండి."

నొక్కాడు. నా వేళ్ల కింద కొట్టుకోవడం ఆగిపోయింది. వదిలాడు, మళ్లీ మొదలైంది. ఆయన నా చేతిని తోసేసి, తానే వేళ్లు పెట్టి చూసుకున్నాడు. ముసుగు మీద కళ్లు మాత్రమే కనబడుతున్నాయి, వాటిలో మిలిటరీ లేదు.

విషయం ఇది. కడుపుకూ కాలేయానికీ రక్తం తెచ్చే అసలు కాలువ పైన ఎక్కడో మూసుకుపోయింది. అందుకని రక్తం కింది నుంచి పిల్లకాలువ గుండా ఎదురెక్కి వస్తోంది. చిన్న కాలువలో అంత నీళ్లు పారితే గట్టు ఉబ్బుతుంది. ఆ ఉబ్బే మా నిమ్మకాయ. దాన్ని కట్టేసి ఉంటే బుడగ నయమయ్యేది, కాలేయానికి రక్తం అందక మనిషి పోయేది. మేం పొట్ట కుట్టేసి, ఆపరేషను బాగా జరిగిందని కాఫీ తాగేవాళ్లం.

పెద్దాయన వేలు పైకి పోయింది, వెన్ను మీదుగా, ఊపిరి ఆడించే డయాఫ్రం కిందికి. ఆగింది.

"ఇటు పెట్టు."

పెట్టాను. డయాఫ్రం అంచు కింద గట్టి పట్టీ ఒకటి, రక్తనాళం మొదట్లోనే దాన్ని అడ్డంగా నొక్కేసి ఉంది. ఆమె ఊపిరి వదిలినప్పుడల్లా ఇంకా బిగుస్తోంది. ఆ పట్టీ అందరికీ ఉండేదే. ఈమెకు మాత్రం రవ్వంత కిందికి దిగి, పీక మీద కూర్చుంది.

"మొలతాడయ్యా ఇది!" అన్నాడు పెద్దాయన. "మొలకు కట్టాల్సిన తాడు దేవుడు లోపల కట్టాడు. ఎక్కడ దొరికితే అక్కడ కట్టే రకం." బల్ల మీద ఉన్నది ఎవరో గుర్తొచ్చినట్టుంది. "క్షమించమ్మా," అన్నాడు మెల్లగా.

పట్టీని పోగు పోగుగా కోశాడు. దాని వెనక శరీరంలోకెల్లా పెద్ద రక్తనాళం. కత్తెర జారితే మేమెవరం చేయగలిగింది లేదు. ఆయన మెడ మీద చెమట ధారలుగా కారుతోంది. చివరి పోగు తెగగానే నాళం లోపల రక్తం నా వేళ్ల కింద ఒక్కసారిగా దూకింది. బుడగను మళ్లీ నొక్కిపట్టాడు. ఈసారి కాలేయం దగ్గర కొట్టుకోవడం ఆగలేదు.

"ఇప్పుడు దారం," అన్నాడు.

చాలా ఏళ్ల తరువాత ఈ పట్టీ చేసే పనికి వైద్య పుస్తకాల్లో పెద్ద పేరు వచ్చింది. మాకు ఆ రోజు పేరు తెలియదు. మేం దాన్ని మొలతాడు కేసు అనుకునేవాళ్లం. నన్నడిగితే ఈ పేరే బాగుంది.

కడుపు నిండా

వారం గడిచాక దీనమ్మకు గంజి, తరువాత మెత్తని అన్నం పెట్టించాం. కొంచెం తింటుంది, కళ్లు మూసుకుని నొప్పి కోసం చూస్తుంది, నొప్పి రాదు. అయినా భయపడి గిన్నె పక్కన పెట్టేస్తుంది. ఒంట్లోంచి రోగం పోయినంత తొందరగా భయం పోదు. ఆ సంగతి కూడా మాకెవరూ చదువులో చెప్పలేదు.

కుట్లు విప్పేశాక ఒక మధ్యాహ్నం, "సంగటి తెప్పించు అత్తా," అంది. రాహేలమ్మ ఆసుపత్రి వెనక పొయ్యి పెట్టి జొన్న సంగటి కెలికి, వేరుశనగా ఎండుమిరపకాయలూ కలిపి ఊరిబిండి నూరి తెచ్చింది. "కారం వద్దు," అని పెద్దాయన ఆజ్ఞ. ఊరిబిండి ఎర్రగా మెరుస్తోంది. మిరపకాయ మీద ఆయన పగ ఇంకా తీరలేదు, మేమెవ్వరం ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

దీనమ్మ ముద్ద కలిపింది. తింది. ఇంకొకటి తింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఎప్పుడు వచ్చాడో, పెద్దాయన నా వెనక నిలబడ్డాడు, బూట్ల చప్పుడు కాకుండా.

పళ్లెం సగం అయ్యింది. రాహేలమ్మ మంచం మీది దుప్పటి సర్దింది. "మోకాళ్లేస్తావా?"

"అక్కర్లేదు అత్తా."

"ఏం?"

"నొప్పి ల్యాదు."

రాహేలమ్మ చెయ్యి దుప్పటి మీదే ఆగింది. కోడలి ముఖం కేసి చూసింది. "అంటే, ఇన్ని దినాలూ మోకాళ్లేసింది..."

దీనమ్మ తల వంచుకుంది. ముద్ద చేతిలోనే ఉంది.

"నువ్వు నొప్పితో పొర్లాడుతాంటే నేను ఊరంతా గొప్పలు చెప్పుకుంటినే, తల్లీ!" రాహేలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను చాలా ఏడుపులు విన్నాను. ఇది వినలేక పక్కకు తిరిగితే పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అంతలో సంగం పెద్ద ఒకాయన వచ్చాడు, రక్తం అడిగిన రోజు ఎద్దులకు నీళ్లు పెట్టబోయినాయన. సంకలో బిడ్డ. "దీనమ్మా, బిడ్డకు జరం తగ్గల్యా. నువ్వు ఒక్కపొద్దుండి ప్రార్థన చెయ్యల్ల," అన్నాడు. అప్పుడు ఆయన కన్ను పళ్లెం మీద పడింది.

దీనమ్మ అత్త వైపు చూసింది. చేతిలోని ముద్ద మెల్లగా పళ్లెంలో పెట్టబోయింది.

రాహేలమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. మంచానికీ ఆయనకూ మధ్య అడ్డంగా నిలబడింది.

"బిడ్డను ఆ డాక్టరు సామికి చూపించప్పా, ఆడనే ఉన్నాడు. ప్రార్థన నేను చేస్తా, ఒక్కపొద్దు నేనుంటా. నా కోడలు తింటాంది. తిననీ."